నల్లగుడ్డ కింది వెలుగు

భాగీరథికి పిల్లల్లేరు. అయినా సూరత్‌లోని ఉధ్నాలో తెలుగువాళ్ళుండే ఏ గల్లీలోకి వెళ్ళినా "పెద్దమ్మా" అని కేకేసి, ఇంట్లోకి లాక్కెళ్ళి చాయ్ పోసే జంట ఒకటైనా ఉంటుంది. ఆ ఇద్దర్నీ ఒక ఇంటివాళ్ళను చేసింది ఆమే కాబట్టి.

పెళ్ళైన కొత్తలో సిరిసిల్ల వైపు పల్లె నుంచి భర్త ముత్యంతో సూరత్ వచ్చింది. ముత్యం ఒక ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, సాంచాలు నడుపుతాడు. కరెంటు మగ్గాలను ఊళ్ళోనూ సాంచాలే అనేవాళ్ళు, ఇక్కడా అదే మాట. ఆమె ఇంటి దగ్గర చీరల దారాలు కత్తిరిస్తుంది. మగ్గం మీద పువ్వులు నేసినప్పుడు చీర వెనకవైపు దారాలు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని తీసేస్తే గాని చీర దుకాణానికి పోదు. మధ్యాహ్నాలు మెట్ల దగ్గర, కాస్త గాలి ఆడే చోట, నలుగురు ఆడవాళ్ళు మూటలు ముందేసుకుని కూచుంటారు. చేతులు దారాలు లాగుతుంటాయి, నోళ్ళు ఊరి సంగతులు లాగుతుంటాయి. ఎవరింట్లో పిల్ల ఎదిగింది, ఎవరి పిల్లగాడు తాగుడు మానుకున్నాడు, ఏ అత్త నోరు మంచిది. భాగీరథికి సంబంధాలన్నీ అక్కడే దొరుకుతాయి.

ఆమె అబద్ధమాడి పెళ్ళి కుదర్చదు. "పిల్లగానికి జర కోపం ఎక్కువ, గని పళ్ళెం ముందల కూసుంటే దిగుతది" అని ముందే చెప్పేస్తుంది. "పిల్లకు వంట రాదు, నేర్చుకునే మోజు కూడ లేదు. మీ పిల్లగానికి వస్తదా?" అని మొహం మీదే అడుగుతుంది. అందుకే ఆమె మాటకు విలువ. భాగీరథి నోట ఒక్క మంచి మాట వస్తే సగం లగ్గం అయినట్టే, ఒక్క చెడ్డ మాట వస్తే ఆ సంబంధం చెడినట్టే.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో ఆమెకు ఒళ్ళంతా దురద మొదలైంది. జరీ పొడి పడి ఉంటుందనుకుంది. అన్నం చూస్తే వెగటు, తిన్నాక కుడి పక్క డొక్కలో పోటు. మధ్యాహ్నం చీరల మూట మీదే తల పెట్టి నిద్రపోయేది. మొహం పచ్చబడిందని పక్కింటివాళ్ళంటే "పసుపు ఎక్కువ రాసుకున్న" అని కొట్టిపారేసింది. ముత్యం పట్టుబట్టి ఎవరి దగ్గరో పసిరికలకు, అంటే కామెర్లకు, పసరు మందు పట్టుకొచ్చాడు. అది తాగింది. మందు పడింది కదా అని ఇద్దరూ ధైర్యంగా ఉన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి ఇంకో కారణం ఉంది. చేతిలో ఒక సంబంధం ఉంది. పిల్ల సంతోషి, రఘుపతి కూతురు. ఊరి చివర సచిన్ పేటలో ఒక బట్టల మిల్లులో గుడ్డ నాణ్యం చూసే పని. పిల్లగాడు శివకృష్ణ, విజయశ్రీ కొడుకు. తండ్రి లేడు, తల్లి కష్టపడి పెంచింది. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, గుజరాతీ మాట్లాడితే ఎవరూ తెలుగువాడనుకోరు. ఆ భాష వల్లే వరాఛాలో వజ్రాలు కోసే లేజర్ మిషన్ మీద పని దొరికింది. రెండు కుటుంబాలూ భాగీరథి మాట మీదే నడుస్తున్నాయి. "పిల్లను చూసుకునుడు అయిపోనియ్యయ్యా, తర్వాత ఏ దవాఖానకు రమ్మంటే ఆ దవాఖానకు వస్త" అంది ముత్యంతో.

ఆ ఆదివారం రఘుపతి ఇంట్లో చాపలు పరిచారు. విజయశ్రీ కొడుకును, ఇద్దరు చుట్టాలను తీసుకుని వచ్చింది. మామూలుగా అయితే భాగీరథి గడపలో అడుగు పెట్టగానే ఇల్లంతా ఆమె గొంతే వినపడాలి. ఆ రోజు గోడకానుకుని కూచుని, కళ్ళు సగం మూసుకుని, దుప్పటి కావాలని అడిగింది. ఎండ పూట దుప్పటేమిటని ఎవరూ అనుకోలేదు. సంతోషి చాయ్ పళ్ళెం పట్టుకుని రాగానే లేచి, గొంతు సవరించుకుంది.

"పిల్ల పేరు శివకృష్ణ. పేరు మొగపేరు గని, పిల్ల బంగారం."

అందరూ గొల్లున నవ్వారు. పెద్దమ్మ పరాచికమాడుతోందనుకున్నారు. సంతోషి కూడా తల వంచుకుని నవ్వింది.

భాగీరథి నవ్వలేదు. విజయశ్రీ వైపు తిరిగి, "నువ్వెవరే? చీరలు తీస్కపోను వచ్చినవా? ఇంక కాలే, రేపు రా" అంది. నవ్వు కాస్త తగ్గింది. తర్వాత శివకృష్ణను ఎగాదిగా చూసి, ఇంటి కప్పు ఎగిరేటట్టు అంది: "ఓ రఘుపతీ, గీ పిల్లగాడు వద్దు. మొన్న పోలీసులు పట్టుకపోయింది గితన్నే గదా!"

రఘుపతి మొహంలో రంగు మారింది. విజయశ్రీ కొంగు నడుముకు చెక్కుకుని లేచి నిలబడింది.

"ఏందక్కా, ఇంటికి పిలిచి గిట్ల ఇజ్జత్ తీస్తవా? నా కొడుకు ఎన్నడన్న ఠాణా మొకం చూసిండా? లేరా శివా, పోదాం."

ముత్యం చేతులు జోడించి అడ్డం పడబోయాడు. భాగీరథి ఇదంతా పట్టనట్టు గాలిలోంచి ఏదో సన్నటి దారం పట్టుకుని లాగుతోంది. పళ్ళెం కింద పెట్టి దగ్గరికి వెళ్ళింది సంతోషి ఒక్కతే. చెయ్యి పట్టుకుంటే పొయ్యిలోంచి తీసిన పెనంలా ఉంది. గడప దగ్గర వెలుతురులోకి మొహం తిప్పి, కనురెప్ప పైకెత్తి చూసింది.

"బాపూ, పెద్దమ్మ నకరాలు చేస్తలేదు. కండ్లు చూడు, కోడిగుడ్డు సొన తీరుగున్నయ్. ఒళ్ళు కాలిపోతున్నది."

అందరికంటే ముందు ఆటో కోసం పరుగెత్తింది శివకృష్ణే. తిట్టు తిన్నవాడు అతను, వెనకాముందూ చూడకుండా గల్లీ చివరికి పరుగెత్తిందీ అతనే. ఆటోలో భాగీరథిని మధ్యలో కూచోబెట్టి ఒక పక్క సంతోషి పట్టుకుంది, ఇంకో పక్క ముత్యం. శివకృష్ణ డ్రైవరు పక్కన సగం కూచుని దారి పొడుగునా గుజరాతీలో తొందరపెట్టాడు. పెళ్ళిచూపులకు కట్టుకున్న పట్టుచీరతోనే సంతోషి పెద్ద ఆస్పత్రి అత్యవసర వార్డులో అడుగుపెట్టింది. "పెళ్ళి వాళ్ళా?" అని నర్సు అడిగితే ఏం చెప్పాలో తెలియక ఇద్దరూ చెరో దిక్కు చూశారు.

డాక్టరు పేరు జాగృతి దేసాయి. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. పరీక్షలన్నీ చూసి హిందీలో చెప్పింది. అర్థం కాని చోట శివకృష్ణ తెలుగు చేశాడు.

"పిత్తాశయంలోంచి జారిన రాయి పైత్యం పోయే గొట్టంలో ఇరుక్కుంది. పైత్యం పేగులోకి పోయే దారి లేక వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోంది. గొట్టంలో చీము కూడా పట్టింది. ఆ విషం మెదడు మీద పనిచేస్తోంది. అందుకే మాటలు తప్పుతున్నాయి."

"పసరు పోసినం మేడం" అన్నాడు ముత్యం.

"అడ్డం పడ్డ రాయిని పసరు కదిలించలేదు. అన్ని కామెర్లూ ఒకటి కావు" అందామె. కసురుకోలేదు.

ముత్యానికి ఇంకా ఆశ చావలేదు. మంచం మీద భాగీరథి దుప్పటి అంచు పట్టుకుని ఒక్కో పోగూ తీస్తోంది. తీసిన పోగును పక్కన పెడుతోంది. "చూడుండ్రి మేడం, దారాలు తీస్తున్నది. దాని పని అది చేసుకుంటున్నది. తెలివి మంచిగనే ఉన్నది" అన్నాడు సంతోషంగా.

జాగృతి దేసాయి ఆ వేళ్ళ వైపు కాసేపు చూసింది. "మెదడు మసకబారినవాళ్ళు చాలామంది ఇలాగే దుప్పటి లాగుతుంటారు కాకా. ఎప్పుడూ దారం పట్టనివాళ్ళు కూడా" అంది.

ముత్యం పోయి భార్య వేళ్ళను తన రెండు చేతుల్లో పట్టుకుని కూచున్నాడు.

యాంటీబయాటిక్ సెలైన్లు ఎక్కించి, నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, రాయి తీసి, పైత్యం పారడానికి సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. జ్వరం దిగింది. కళ్ళలో పచ్చదనం మెల్లగా పలచబడసాగింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. కాలం తెలియదు, ఊరు తెలియదు, ముత్యాన్ని చూసి "మీది ఏ ఊరు, పెండ్లైందా?" అని అడిగింది.

అప్పుడు డాక్టరమ్మ వాళ్ళను తన గదిలోకి పిలిచింది.

"మా దగ్గర ఒక పరిశోధన నడుస్తోంది. వెంట్రుకంత గాజుతీగను సూది గుండా చేతి నరంలో పెట్టి, కాసేపు లేజర్ వెలుగు పంపిస్తాం. రక్తం ఆ వెలుగు ముందు నుంచి పారుతుంది. ఇలాంటి రోగుల్లో మెదడు మబ్బు దాంతో తొందరగా విడుతుందని కొందరు డాక్టర్లు రాశారు. నిజమో కాదో మాకు తెలియదు. తెలుసుకుందామనే ఈ పని. మీరు వద్దన్నా మామూలు వైద్యం ఏమీ తగ్గదు."

లేజర్ అనే మాట వినగానే శివకృష్ణ కుర్చీలోంచి లేచాడు.

"పెద్దబాపూ, వద్దు! మా కార్ఖానాల లేజర్ వజ్రాన్నే కోస్తది. నరం ఒక లెక్కనా?"

డాక్టరమ్మకు తెలుగు రాకపోయినా వజ్రం, లేజర్ అన్న మాటలు పట్టుకుని నవ్వింది. "అది కోసే లేజర్. ఇది చిన్న దీపం లాంటిది, చర్మం మీద పెడితే వెచ్చదనం కూడా తెలియదు" అని, ఒక చిన్న కలం లాంటి సాధనం తీసి అతని అరచేతి మీద వెలిగించింది. అరచేయి అవతలి నుంచి ఎర్రగా కనిపించింది. శివకృష్ణ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. సంతోషి కూడా తన చెయ్యి చాపింది.

"ఇంకో సంగతి. ఇందులో చేరినవాళ్ళలో సగం మందికే వెలుగు వెళ్తుంది. మిగతా సగానికి తీగ పెడతాం, మిషన్ మోగుతుంది, వెలుగు మాత్రం ఉండదు. ఎవరికి ఏదో మీకు తెలియదు, నాకూ తెలియదు. చేతి మీద నల్లగుడ్డ కప్పే ఉంటుంది. అలా అయితేనే నిజం తేలుతుంది."

ముత్యం చాలాసేపు ఆలోచించాడు. సాంచా మీద కొత్త రకం నూలు వచ్చినప్పుడు కూడా ముందు కొంచెం నేసి చూస్తారు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. "హాని లేదంటున్నరు గదా. పెట్టుండ్రి" అన్నాడు. సగం మందికే అన్న మాట అతని చెవిలో పడింది గాని మనసులో నిలవలేదు. తన భార్యకు దీపం పెట్టి దానిలో వత్తి వెలిగించరంటే ఏ మగడు నమ్ముతాడు?

పక్క మంచం మీద వరాఛా నుంచి వచ్చిన కాంతాబేన్ అనే ముసలామె ఉంది. ఆమెదీ రాయే, ఆమెదీ మబ్బే, ఆమె చేతి మీదా నల్లగుడ్డే. భాగీరథి తెలుగులో అడిగేది, కాంతాబేన్ గుజరాతీలో జవాబిచ్చేది.

"మీ ఇంటిపేరేంది?"

"దూధ్ ఆవీ గయుఁ?" పాలు వచ్చాయా అని.

"అగో, మంచి ఇల్లే. పిల్లలెందరు?"

ఒకరి మాట ఒకరికి తెలియదు, ఎవరి మాట వాళ్ళకూ తెలియదు. అయినా పొద్దంతా పోట్లాట లేకుండా నడిచేది. కాంతాబేన్ కోడలు బయట వరండాలో నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఏడవాల్సిన చోట నవ్వు వస్తోందని ఒకసారి సంతోషితో సిగ్గుపడుతూ చెప్పింది. "మాదీ అదే గతి" అంది సంతోషి.

భాగీరథి వార్డులోనూ సంబంధాలు చూడటం ఆపలేదు. ఊడ్చే అబ్బాయికి సూది వేసే నర్సును ఖాయం చేసింది. జాగృతి దేసాయి నాడి పట్టుకుంటే ఆ చెయ్యే పట్టుకుని, "సచిన్ల మంచి పిల్లగాడున్నడు బిడ్డా, తాగడు, గుట్కా తినడు. ఎన్నాళ్ళు గిట్లుంటవ్?" అంది. శివకృష్ణ నాలుక కరుచుకుంటూ దాన్ని హిందీలో చెప్పాడు. ఇద్దరు పిల్లల తల్లి అయిన డాక్టరమ్మ ఏమాత్రం తొణకకుండా, "ఫోటో చూపించమను" అంది.

సంగతి ఉధ్నా అంతా పాకింది. సాయంత్రం చూడటానికి వదిలే వేళకు గేటు దగ్గర గుంపు. పిల్లలను చంకనేసుకున్నవాళ్ళు, ఖాతా నుంచి నేరుగా వచ్చి జుట్టులో దూది పోగులు దులుపుకోనివాళ్ళు. కాపలావాడు విసుక్కుని, "ఇంతమంది ఈమెకు ఏమవుతారు?" అన్నాడు. ముందున్న అతను భార్యను చూపించి, "ఈమె నాకు పెళ్ళాం. లోపలున్న ఆమె వల్ల" అన్నాడు. వెనకాల వాళ్ళంతా "మేమూ అంతే" అన్నారు. కాపలావాడు కాసేపు బుర్ర గోక్కుని, జంటలు జంటలుగా పంపించాడు.

రోజూ తప్పకుండా వచ్చినవాళ్ళు మాత్రం ఇంకా జంట కానివాళ్ళే. సంతోషి సచిన్ నుంచి బస్సు దిగి నేరుగా వచ్చేది. శివకృష్ణ డాక్టర్ల మాటలకు తెలుగు చెప్పడానికి వచ్చేవాడు. విజయశ్రీ కోపం తగ్గలేదు. "అన్నన్ని మాటలన్న మనిషికి నువ్వెందుకురా సేవ?" అని కొడుకును అడిగింది. రఘుపతికి ఇంకో గుబులు. మైకంలో నిజమే బయటపడుతుందంటారు, నిజంగానే పిల్లగాడి మీద కేసుందేమో? బయటికి అడగలేడు, లోపల దాచుకోలేడు.

అడిగింది సంతోషే. వరండాలో బెంచీ మీద కూచుని ఉన్నప్పుడు, సూటిగా.

"నిన్ను పోలీసులు పట్టుకపోయిండ్రా?"

శివకృష్ణ తల గోక్కున్నాడు. "పట్టుకపోలే. పట్టుకున్నరు. వరాఛా బ్రిడ్జి కింద. హెల్మెట్ లేకుంట."

"గంతేనా?"

"అమ్మకు తెల్వదు. చెప్పకు. గా ముచ్చట పెద్దమ్మకెట్ల తెలిసిందో సమజైతలేదు నాకు."

సంతోషి బెంచీ మీద ముందుకు వంగి మరీ నవ్వింది. పెళ్ళిచూపుల్లో అయితే ఇద్దరూ ఏం చదువుకున్నావు, ఏం కూర ఇష్టం అనే ఒకర్నొకరు అడిగేవాళ్ళు. ఇక్కడ అతను మందుల షాపు వరుసలో ఎలా నిలబడతాడో ఆమె చూసింది. పెద్దమ్మ తిట్టినా, ఉమ్మినా సంతోషి మొహం ఎలా ఉంటుందో అతను చూశాడు.

ఒక ఉదయం ముత్యం డబ్బాలో జావ పట్టుకుని వచ్చేసరికి భాగీరథి దిండుకానుకుని కూచుని ఉంది. అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"అంగీ గుండీలు పైకి కిందికి పెట్టుకున్నవేందయ్యా? గిట్లనే వస్తవా నలుగురి ముందలికి?"

ముత్యం డబ్బా చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. గుండీల వైపు చూసుకున్నాడు. నిజమే, ఒకటి తప్పింది. వార్డంతా వినబడేటట్టు ఏడ్చాడు. "ఏందయ్యా, గుండీకే గింతనా?" అని ఆమె కంగారుపడింది.

డాక్టరమ్మ వచ్చి పేరు, ఊరు, నెల అడిగింది. అన్నీ సరిగ్గా చెప్పింది. అప్పుడు కుర్చీ లాక్కుని పక్కన కూచుని, నల్లగుడ్డ సంగతంతా మొదటి నుంచి చెప్పింది. "మీకు తెలివి లేనప్పుడు మీ తరఫున మీ ఆయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు మీరే చెప్పాలి. ఇంకా కొన్నాళ్ళు మిగిలి ఉంది. కొనసాగించాలా, ఆపేయాలా? ఏది చెప్పినా సరే."

భాగీరథి నోరు తెరుచుకుని విన్నది. "నా లగ్గానికి కూడ గింత మంచిగ ఎవ్వరు అడగలే మేడం" అంది తన హిందీలో. "పెట్టుండ్రి. మొదలువెట్టిన పని నడుమల ఇడుస్తమా?"

కాంతాబేన్‌కు ఇంకొన్నాళ్ళు పట్టింది. తెలివి వచ్చిన రోజున పక్కకు తిరిగి, "ఈమె ఎవరు?" అని అడిగింది. అన్నాళ్ళ ముచ్చట్లూ ఇద్దరికీ గుర్తు లేవు. మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకున్నారు. ఈసారి హిందీలో.

ఇంటికి వచ్చాక భాగీరథికి అసలు కష్టం మొదలైంది. తనేం మాట్లాడిందో ఒక్కొక్కరే వచ్చి చెప్తున్నారు. నర్సు పెళ్ళికి నవ్వింది, డాక్టరమ్మ సంబంధానికి సిగ్గుపడింది. శివకృష్ణ సంగతి చెప్పగానే చెంపల మీద కొట్టుకుంది.

"అయ్యో, గా పోలీసుల పిల్లగాడు వేరే! వాని సంబంధం నేనే వద్దన్న. బంగారసొంటి పిల్లగాని నెత్తిన రుద్దిన్నా?"

ముందు రఘుపతి దగ్గరికి వెళ్ళి ఉన్న నిజం చెప్పింది. అతని గుండెల మీద నుంచి బరువు దిగింది. తర్వాత ముత్యం చెయ్యి పట్టుకుని, నాలుగు మెట్లకోసారి ఆగుతూ, విజయశ్రీ ఉండే మూడో అంతస్తు ఎక్కింది. విజయశ్రీ తలుపు తీసి, ఆయాసపడుతున్న మనిషిని చూసి, ముందు మంచినీళ్ళిచ్చింది.

"చెల్లే, నా నోరు తప్పు చేసింది. కడుపుల పెట్టుకో" అంది భాగీరథి.

"కడుపుల పెట్టుకునేటందుకు ఇంక ఏమున్నదక్కా" అని విజయశ్రీ ఊపిరి వదిలింది. "వాడు నన్ను అడుగుడు కూడ లేదు. 'లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం' అంటున్నడు. ఆ పిల్ల నిన్న ఇంటికొచ్చి నా మోకాళ్ళకు నూనె రాసి పోయింది. నువ్వు మంచిగున్నప్పుడు కుదిర్చిన లగ్గాలు చూసిన గని, తెలివి తప్పి కుదిర్చింది గిదొక్కటే చూస్తున్న."

పెళ్ళి ఖాయం చేసుకునే పూలు పండ్లు ఎండాకాలంలోనే జరిగాయి. ఆ తర్వాత రాళ్ళున్న పిత్తాశయం తీసేశారు, లోపలి గొట్టం కూడా బయటికి వచ్చింది. పెళ్ళి నాటికి భాగీరథి గొంతు మళ్ళీ పందిరంతా వినబడింది.

ఇంట్లో మాత్రం ఒక తగువు తెగలేదు. భాగీరథికి తన తెలివి లేజర్ వెలుగు వల్లే వచ్చిందని గట్టి నమ్మకం. మెట్ల దగ్గర కూచున్నప్పుడల్లా చెప్పేది: "నరంల దీపం పెట్టిండ్రు. నెత్తిలున్న చీకటి పోయింది." ముత్యానిది గొట్టం పక్షం. "మోరీ సాఫ్ చేస్తే నీళ్ళు పారవా? గొట్టమే. దీపం గీపం కాదు" అనేవాడు. "మరి గుడ్డ కింద ఎర్రగ కనవడ్డదని నువ్వే చెప్తివి గదయ్యా!" అని ఆమె. "కనవడ్డది. గని పని చేసింది గొట్టం" అని అతను. ఉధ్నా తెలుగువాళ్ళలో దీపం జట్టు, గొట్టం జట్టు అని రెండు తయారయ్యాయి. దీపం జట్టే పెద్దది. చెప్పేది భాగీరథి కదా.

పరిశోధన ముగిశాక ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. జాగృతి దేసాయి చాయ్ తెప్పించింది.

"రహస్యంగా మూసిపెట్టిన కవర్లు విప్పాం. ఎవరికి ఏం ఇచ్చామో చెప్పడం నా బాధ్యత. భాగీరథిబేన్, మీది వెలుగు లేని గుంపు. మీ నరంలో ఉన్నది ఉత్త తీగే."

భాగీరథి చాయ్ కప్పు బల్ల మీద పెట్టింది. "లైటు పెట్టలేదా?"

"లేదు. కాంతాబేన్‌కు పెట్టాం. ఆమెకు మీ కంటే ఆలస్యంగా తెలివి వచ్చింది. అలాగని వెలుగు పనికిరాదనీ అనలేం. మొత్తం అందర్నీ కలిపి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. ఇంకా ఎక్కువమందిని చూస్తే గాని ఏ మాటా గట్టిగా చెప్పకూడదు."

"మరి నేనెట్ల బాగైన?"

"అడ్డం తీశాం, చీముకు మందులిచ్చాం, గొట్టం పెట్టాం. మిగతాది మీ ఒళ్ళు చేసుకుంది."

ముత్యం కుర్చీలో నిటారుగా కూచున్నాడు. మీసం కింద నవ్వు ఆగడం లేదు. భాగీరథి అతని వైపు చూసింది, డాక్టరమ్మ వైపు చూసింది, తన మోచేతి మడత వైపు చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. డాక్టరమ్మ కూడా తట్టుకోలేకపోయింది.

"మరి గీయన ఎర్రగ కనవడ్డదన్నడు మేడం!"

"చాలామంది ఇంటివాళ్ళు అలాగే చెప్పారు" అంది జాగృతి దేసాయి. "అందుకే నల్లగుడ్డ కప్పాల్సి వచ్చింది."

కళ్ళు తుడుచుకున్నాక భాగీరథి ఒక్కటి అడిగింది. "అయితే నేను మీకు పనికి రానట్టేనా? వెలుగు లేనిదాన్ని."

"మీరు లేకపోతే వెలుగు పెట్టినవాళ్ళను ఎవరితో పోల్చి చూడాలి? మీరు కూడా అంతే పనికొచ్చారు."

ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. ఆటోలో దారి పొడుగునా ముత్యం గొట్టం గొప్పదనం చెప్తుంటే ఎదురు చెప్పకుండా విన్నది. పెళ్ళైన దగ్గర్నుంచి అతను గెలిచిన తగువులు తక్కువ. ఆ పూట అతని సంతోషాన్ని చెడగొట్టదలుచుకోలేదు.

మర్నాడు మెట్ల దగ్గర తనే మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళు దీపం అని చెప్పిన గదా, తప్పు చెప్పిన. నాకు దీపం పెట్టనే లేదట." ఆడవాళ్ళు కత్తెరలు ఆపి చూశారు. మంగ అనే ఆమె దిగాలుగా, "మా మరిదికి పసిరికలైనయ్ పెద్దమ్మా. నీ మాట ఇని, ఆ లైటు పెట్టే దవాఖాన ఏదో అడుగుదామనుకుంటి" అంది.

"కడుపుల పోటున్నదా? చలిజరం వస్తున్నదా?"

"రెండున్నయ్. నిన్నటి సంది మాట గూడ తిక్క తిక్కగ మాట్లాడుతుండు."

భాగీరథి ఒళ్ళోని చీర మడిచి పక్కన పెట్టింది. "లైటు సంగతి డాక్టర్లు చూసుకుంటరు. ముందుగాల ఆటో పిలువుండ్రి."

ఆ సాయంత్రం అత్యవసర వార్డు బయట మంగ, ఆమె తోడికోడలు బెంచీ మీద కూచుని ఉన్నారు. లోపలున్నది చిన్నామె మగడే. ఆమె గోడ వైపు చూస్తూ కూచుంది. భాగీరథి తన డబ్బా విప్పి, జొన్నరొట్టె ముక్కలో పప్పు పెట్టి ఆమె చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. లోపలికి పోయినోళ్ళను చూసుకునేటందుకు డాక్టర్లున్నరు. బయట కూసున్నోళ్ళకే ఎవ్వరు లేరు."

ఆమె రొట్టె వైపు చూసింది. కాసేపటికి ఒక ముక్క తుంచుకుంది.